చివర తినే మనిషి

గురువారం ఉదయం ఆఫీసుకి వెళ్తూ చూశాను, మా కాలనీ క్లబ్‌హౌస్ ముందు జెండా సగానికి దించి ఉంది. ఏప్రిల్ నెల. మా ఊరు క్యారీలో ఈ రోజుల్లో పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లన్నీ పసుపు పూసుకుని కూర్చుంటాయి. వైపర్ వేసి అద్దం తుడుచుకుని మళ్లీ చూశాను. సగానికే ఉంది. ఎవరో పెద్దవాళ్లు పోయారనుకుంటూ రేడియో పెడితే ఆయన పేరు చెప్పారు.

కారు పక్కకి ఆపాను. ఆయనకి ఎనభై దాటి చాలా కాలమైంది. ఒంట్లో బాగుండటం లేదనీ తెలుసు. అన్నీ తెలిసినా స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్తయ్య టీవీ ముందు ఉంది. ఏ ఛానల్ తిప్పినా ఆయనే. ఎడారిలో ట్యాంకు పక్కన ఆయన, పొడవాటి బల్లల దగ్గర ఆయన, ఒక ప్రెసిడెంట్ పక్కన, ఇంకో ప్రెసిడెంట్ వెనక ఆయన. నాలుగు నక్షత్రాల జనరల్ అన్నారు, యూనిఫాం విప్పాక దేశానికి రాజనీతిజ్ఞుడయ్యాడన్నారు, ఆయన చెప్పిన మాటల వల్ల ఆగిన యుద్ధాల గురించీ, ఆగని ఒక యుద్ధం గురించీ వాదించుకున్నారు. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. కొంగుతో కళ్లు తుడుచుకుని ఒకటే మాట అంది.

"ఆఖర్రోజున ఎవరన్నా ఇంత అన్నం పెట్టారో లేదో పాపం. పెట్టినా ముందు తింటాడా ఆయన!"

అన్ని గంటల వార్తల్లో నాకు తెలిసిన మనిషి ఆ ఒక్క మాటలోనే కనిపించాడు.

మేం ఈ ఇంట్లో చేరిన కొత్తలో ఆయన ఎవరో మాకు తెలియదు. మా వీధి చివరి ఇల్లు ఆయనది. పొడుగ్గా, కొద్దిగా వంగిన భుజాలతో పొద్దున్నే నడకకి వచ్చేవాడు. చెత్తబండి వచ్చి వెళ్లిన రోజున గాలికి దొర్లిన డబ్బాలన్నీ లేపి ఎవరి గ్యారేజీ ముందు వాళ్లది నిలబెట్టుకుంటూ పోయేవాడు. రిటైరైన స్కూల్ మాస్టరై ఉంటాడని మా ఆయన తేల్చేశాడు. మా ఆయన ఇలాంటివి చాలా తేలుస్తాడు. ఒకరోజు డబ్బా లేపినందుకు నేను థాంక్స్ చెబితే, "ఆర్మీలో నేర్చుకున్నవాటిలో ఇంటికి పనికొచ్చింది ఇదొక్కటేనమ్మా" అన్నాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. నాకు మాత్రం ఆయన మాటలు తెలుగులోనే గుర్తున్నాయి, అలాగే రాస్తున్నాను.

ఆయనెవరో తెలిసింది కాలనీ మీటింగులో. స్కూల్ బస్సు ఆగే మూలమలుపు దగ్గర స్టాప్ సైన్ పెట్టాలా వద్దా అని గొడవ. పాతకాపులంతా ముందు వరుసల్లో కూర్చుని గొంతులు సవరించుకుంటున్నారు. ఆయన వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాలనీ ప్రెసిడెంటుగా ఉన్నావిడ ఆయన్ని చూసి, "జనరల్, ముందు మీరు చెప్పండి" అంది. జనరల్ అన్న మాట విని మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు.

"నేను చివర చెబుతాను. అందరికన్నా కొత్తగా వచ్చిన ఇల్లు ఏదో వాళ్లు ముందు చెప్పాలి" అన్నాడాయన.

కొత్త ఇల్లు మాదే. ఇంట్లో పైకప్పు ఎగిరిపోయేలా మాట్లాడే మా ఆయనకి మీటింగుల్లో గొంతు పెగలదు. వీసా మీద ఉన్న రోజులవి, నోరు మూసుకుని ఉన్నంత కాలం ఎవరికీ మన మీద కోపం రాదని ఆయన సిద్ధాంతం. లేచి నిలబడి, చెమటలు కక్కుతూ, ఆ మలుపులో పొద వల్ల పిల్లలు డ్రైవర్‌కి కనబడరని చెప్పాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. సైన్ అక్కర్లేదు, పొద కొట్టేస్తే చాలని తేలింది. జనరల్ గారు చివర్లో, "నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు" అని ఊరుకున్నాడు.

తర్వాత మా ఆయన అడిగితే చెప్పాడు. పెద్దవాడు ముందు మాట్లాడితే మిగతావాళ్లంతా ఆయన మొహం చూసి మాట్లాడతారు. అందుకే తన గదిలో ఎప్పుడూ అందరికన్నా చిన్న ఉద్యోగి ముందు నోరు విప్పాలని, తాను చివరనని పెట్టుకున్నాడట. ఆ రోజు నుంచి మా ఆయన ఆయనకి భక్తుడైపోయాడు. ఇంట్లో మాత్రం ఆ పద్ధతి పెట్టలేదనుకోండి.

మాతో బంధం కలిసింది కందిపొడి వల్ల. అత్తయ్య తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చేసిన ఏడాది, జనరల్ గారి భార్య పోయారని తెలిసి ఆయన్ని ఒక ఆదివారం భోజనానికి పిలిచాం. ఇంటికి వచ్చిన ఎవరినైనా ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది, "ఆదివారం మీ అమ్మ ఏం వండేది?" అని. సైనికుల్ని తనిఖీ చేసేటప్పుడు కూడా అదే అడిగేవాడట. బూట్ల గురించి, నిద్ర గురించి అబద్ధం చెబుతారు గానీ అమ్మ వంట గురించి ఎవరూ చెప్పరు, జవాబు చెబుతూ ఎవడి గొంతు మారితే వాడికి సెలవు కావాలని అర్థం అనేవాడు.

ఆ ఆదివారం పెద్ద చిక్కొచ్చి పడింది. అన్నీ వడ్డించి పిలిస్తే ఆయన ఖాళీ ప్లేటు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. "మీరంతా కానివ్వండి." పైవాడు తన కిందివాళ్ల తర్వాతే తినడం వాళ్ల సైన్యంలో పద్ధతి. అందరికీ సరిపోయిందో లేదో చివర తినేవాడికే తెలుస్తుందట. మా ఆయన, నేను, పాప మొహమాటపడుతూనే కూర్చున్నాం. ఇక మిగిలింది అత్తయ్య. ఆవిడ జన్మలో ఇంట్లో అందరూ తినకుండా కంచం ముట్టలేదు. పైగా వచ్చినవాడు అతిథి.

"ఆయన్ని కూర్చోమనవే. వచ్చినాయన తినకండా నేనెట్టా తింటా?"

"ఆవిడ తిన్నాకే నేను" అన్నాడాయన, తర్జుమా అక్కర్లేకుండానే.

గరిటె పట్టుకుని ఆవిడ ఇటు, ప్లేటు పట్టుకుని ఆయన అటు. అన్నం చల్లారిపోతోంది. నాకు నవ్వు ఆగడం లేదు, మా ఆయన నన్ను కళ్లతోనే కసురుతున్నాడు. అప్పుడు మా సహజ, మూడో క్లాసు పిల్ల, కుర్చీ మీదకెక్కి తీర్పు చెప్పింది.

"నాన్నమ్మా, జనరల్ అంకుల్, ఇద్దరూ సేమ్ టైమ్ తినండి. నేను కౌంట్ చేస్తా. వన్, టూ, త్రీ!"

ఇద్దరూ ఒకేసారి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో సంధులు కుదిర్చిన మనిషి మా పిల్ల వైపు చాలా సేపు చూశాడు. "ఈ అమ్మాయిని నా దగ్గర పనికి పెట్టుకునేవాణ్ణి" అన్నాడు. అప్పటి నుంచి ఎప్పుడొచ్చినా వడ్డన అయ్యాక ఆయనా అత్తయ్యా పక్కపక్కన నిలబడి సహజ లెక్క కోసం ఎదురుచూసేవాళ్లు. కందిపొడిలో నెయ్యి వేసుకుని చేత్తోనే కలుపుకోవడం నేర్చుకున్నాడు. ఆయన్ని అంకుల్ అని పిలిచిన మనిషి ఈ దేశంలో మా పిల్ల ఒక్కతే అయి ఉంటుంది.

పనికి పెట్టుకునేవాణ్ణన్న ఆ మాట తమాషాకి అన్నాడనే అనుకున్నాను. హైస్కూల్ చివరి ఏడాదిలో సహజ సైనిక అకాడమీలో చేరతానని చెప్పినప్పుడు ఆ తమాషా నాకు గుండెల్లో గుచ్చుకుంది. మంచి మార్కులు, మంచి కాలేజీలు. మా వాళ్ల పిల్లలంతా కంప్యూటర్లో, మెడిసిన్లో ఉంటే మా అమ్మాయికి తుపాకీ కావాలట! పద్దెనిమిది నిండలేదు కాబట్టి మా ఇద్దరి సంతకం ఉంటే గానీ కుదరదు. నేను పెట్టనని చెప్పేశాను. ఇంట్లో రోజూ ఏడుపులు, తలుపులు దబాలుమనడాలు. తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని పరామర్శించడం మొదలుపెట్టారు.

మన పద్ధతి ఒకటుంది కదా, పిల్లలు మన మాట వినకపోతే వాళ్లు గౌరవించే పెద్దాయన చేత చెప్పించడం. మా ఆయన నాతో చెప్పకుండా వీధి చివరికి వెళ్లొచ్చాడు.

"అడిగాను. 'సార్, ముందు డిగ్రీ చెయ్యమని మీరొక్క మాట చెప్పండి, మీ మాట వింటుంది' అన్నాను."

"ఏమన్నారు?"

"ఆదివారం భోజనానికి వస్తానన్నారు. అంటే ఒప్పుకున్నట్టే."

మా ఆయన మళ్లీ తేల్చేశాడన్నమాట.

ఆదివారం ఆయన వచ్చాడు. సహజ మొహం ముడుచుకుని ఉన్నా, అలవాటు ప్రకారం లెక్కపెట్టింది. భోజనాలయ్యాక మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"చిన్నవాళ్లు ముందు. పూర్తయ్యేదాకా ఎవరూ మధ్యలో రావద్దు."

సహజ వాళ్ల నాన్నమ్మకి అర్థం కావాలని తెలుగులోనే మొదలుపెట్టింది. తన తెలుగు ముద్దలు ముద్దలుగా వస్తుంది.

"హరికేన్ వచ్చినప్పుడు మా స్కూల్ జిమ్‌లో షెల్టర్ పెట్టారు కదా. నేను వాలంటీర్ చేశాను. అక్కడ ఒక ఆర్మీ కెప్టెన్ ఉంది, లేడీ. రెండు రోజులు అందరికీ వాటర్, ఫుడ్ ఇచ్చింది. అందరూ అరుస్తున్నారు, ఆమె మాత్రం అరవలేదు. నాకు అలా ఉండాలి అని ఉంది. నాకు భయం లేదు అని చెప్పట్లేదు, భయం ఉంది. బట్ మీరందరూ వద్దు, వద్దు అన్నారు. ఎందుకు అని నన్ను ఎవరూ అడగలేదు."

నిజమే, నేను అడగలేదు. జవాబు వింటే ఏమైపోతుందోనని భయం.

నా వంతు వచ్చింది. నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు, ఏడ్చానని మాత్రం గుర్తుంది. మా ఆయన డిగ్రీ గురించి, రిస్క్ గురించి ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇస్తున్నట్టు చెప్పాడు. తర్వాత జనరల్ గారు అత్తయ్య వైపు తిరిగి తల వంచాడు. తన వంతూ ఉంటుందని ఆవిడ అనుకోలేదు. కాసేపు కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది.

"నాకేం తెలుసని! మీరు ఆపితే ఆగిద్ది పిల్ల. ఆగినాక మీతో మాట్టాడదు. మా చెల్లెలట్టాగే నర్సు ట్రైనింగుకి పోతానంటే మా నాయన ఆపాడు. ఆగింది. ఆయన పోయిందాకా ఆయనతో మళ్లీ మాట్టాడలా."

ఇక ఆయన మిగిలాడు. మా ఆయన ఆశగా చూస్తున్నాడు. జనరల్ గారు సహజతో మాట్లాడాడు గానీ చూపు మాత్రం బల్ల మీద ఉన్న నేతిగిన్నె మీద ఉంది.

"మీ నాన్న నీకు వద్దని చెప్పమని నన్ను అడిగాడు. నేను అదీ చెప్పను, వెళ్లమనీ చెప్పను. నా సంగతి ఒకటి చెబుతాను. చివర మాట్లాడటం నాకు అలవాటు. అందరూ దాన్ని మెచ్చుకున్నారు, నేనూ గర్వపడ్డాను. తర్వాత నాకన్నా పెద్దవాళ్లుండే గదిలోకి వెళ్లాను. యుద్ధం చెయ్యాలా వద్దా అని మాట్లాడుకుంటున్న గది. నాకు వద్దనే ఉంది. గట్టిగా ఉంది. అలవాటు కొద్దీ నా వంతు చివర వస్తుందని కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి అందరూ లేచి కుర్చీలు సర్దుకుంటున్నారు. అప్పుడు చెప్పాను. ఎవరు వింటారు? ఆ గదిలో నేనే చిన్నవాణ్ణి. ముందు మాట్లాడాల్సింది నేనే. నాకు తట్టలేదు."

అత్తయ్యకి సహజ మెల్లగా తెలుగులో చెబుతోంది.

"నువ్వు ఎక్కడికి వెళ్లినా, ఆ గదిలో నీ కింద ఎవరున్నారో, నీ పైన ఎవరున్నారో చూసుకో. కిందివాళ్లుంటే ఆగు. పైవాళ్లుంటే ఆగకు" అన్నాడు.

నేను ఇక ఉండబట్టలేకపోయాను. మా అమ్మాయి గదుల గురించి నాకెందుకు? నాకు కావలసింది ఒక్కటే. మనవాళ్లం అన్నిటికీ అనుకునే మాట. విమానం ఊగినా, వీసా స్టాంపింగ్ ఆగినా, ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డా ఒకరికొకరం చెప్పుకునే మాట.

"దానికి ఏం కాదని చెప్పండి సార్. మీరు చెబితే నమ్ముతాను. ఏం కాదని ఒక్కసారి చెప్పండి."

ఆయన నా వైపు చూశాడు. ఆ కళ్లలో నీళ్లు చూసి నేను భయపడ్డాను.

"ఆ మాట తల్లులకి చెప్పానమ్మా. చాలామందికి చెప్పాను. అందరి విషయంలో అది నిజం కాలేదు. మీ ఇంట్లో కూర్చుని, మీ అన్నం తిని, మీకు చెప్పలేను."

లేచి తన ప్లేటు సింకులో తనే కడిగి వెళ్లిపోయాడు. ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఒక్క మాట! అంటే సొమ్మేం పోయింది? కొన్ని వారాలు ఆయన కనబడితే గ్యారేజీలోకి వెళ్లిపోయాను. మా చెత్త డబ్బా మాత్రం ఎప్పటిలాగే లేచి నిలబడేది.

చివరికి సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావని మా స్నేహితురాళ్లు ఇప్పటికీ అడుగుతారు. ఆ రోజు ఆయన ఏం కాదని అని ఉంటే పెట్టేదాన్ని కాదు. అందరూ అనే మాటే ఆయనా అన్నాడు, నా నోరు మూయించడానికన్నాడు అనుకునేదాన్ని. అబద్ధం చెప్పని మనుషులు కూడా ఉన్న చోటికే నా పిల్ల వెళ్తోందని అనిపించింది. నా భయం రవ్వంత కూడా తగ్గలేదు. భయపడుతూనే పెట్టాను.

సహజని అకాడమీలో దింపి మేం ఇంటికి వచ్చేసరికి ఆయన మా వరండాలో ఉన్నాడు. అత్తయ్య ఆయనకి చిక్కుడుకాయల గిన్నె ఇచ్చి ఈనెలు ఎలా తియ్యాలో నేర్పించింది. ఒకరి భాష ఒకరికి రాదు. మాటల్లేకుండా ఈనెలు తీస్తూనే ఉన్నారు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే ఆయన నా ఒళ్లో కూడా గుప్పెడు కాయలు పోశాడు.

తర్వాతి ఏళ్లలో ఆయన బాగా నీరసించి, వృద్ధుల కోసం ఉండే హోమ్‌కి మారాడు. నేను కందిపొడి అన్నం కలిపి తీసుకెళ్తే, డబ్బా మూత తీసే ముందు అక్కడి నర్సుని తిన్నావా అని అడిగేవాడు. ఆవిడ తిన్నానని చెబితే గానీ ముద్ద ముట్టేవాడు కాదు. చివరిసారి వెళ్లినప్పుడు తనతో పనిచేసిన కుర్రాళ్ల పేర్లు చెప్పుకుంటూ, "అన్నిట్లోనూ చివర ఉండాలనుకున్నాను గానీ, దీంట్లో కాదమ్మా. వాళ్లంతా నాకన్నా ముందే వెళ్లిపోయారు" అన్నాడు. నేను ఆయన మూతి తుడిచాను.

గురువారం ఆయన పోయాడు. ఆదివారం మధ్యాహ్నం సహజ వీడియో కాల్ చేసింది. మా సహజ ఇప్పుడు లెఫ్టినెంట్. ఏదో శిక్షణ కోసం ఊరికి దూరంగా, బయట గుడారాల్లో ఉన్నారు. వెనక భోజనం ఉన్న పెద్ద పెద్ద డబ్బాల ముందు కుర్రాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు.

"అమ్మా, న్యూస్ చూశాను. ఎలా ఉన్నావు? నువ్వు ముందు చెప్పు."

"ఈ ఇంట్లో నువ్వే చిన్నదానివి. నువ్వే ముందు" అన్నాను.

ఒకసారి వెనక వరుస వైపు చూసింది. తర్వాత చెప్పింది, ఆర్డర్స్ వచ్చాయని. వచ్చే నెల వెళ్లాలట. ఎక్కడికో చెప్పకూడదట. మా ఆయన పక్క నుంచి గబుక్కున, "ఏం కాదులేమ్మా, ఏం కాదు" అన్నాడు. పాపం, ఆయనకి ఇంకేం చేతనవుతుంది? సహజ నా వైపు చూసింది. చిన్నప్పుడు ఇంజెక్షన్ ముందు చూసినట్టు.

"నువ్వు అనవా అమ్మా?"

నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన కళ్లు గుర్తొచ్చాయి. అనలేకపోయాను. అమ్మలం అడగగలిగింది అడిగాను.

"అన్నం తిన్నావా?"

"ఇంకా లేదమ్మా. మావాళ్లు తింటున్నారు."

మా అత్తయ్య అప్పటిదాకా సోఫాలో కూర్చుని వింటోంది. మేం తినేశాం, ఆవిడ ఇంకా తినలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, కంచంలో అన్నం, కందిపొడి, నెయ్యి వేసుకుని వచ్చి ఫోన్ ఎదురుగా కూర్చుంది. ముద్ద కలిపి చేత్తో పట్టుకుని ఆగింది.

నేను ఫోన్ పెట్టెయ్యలేదు. అక్కడ వరుస తరిగేదాకా చూస్తూ కూర్చున్నాం. చివరి కుర్రాడు కూడా తీసుకున్నాక సహజ ప్లేటు తెచ్చుకుంది. తెరలో నాన్నమ్మని, ఆవిడ చేతిలో ముద్దని చూసి తన మొహం వంకర్లు పోయింది. స్పూన్ ఎత్తింది.

"నాన్నమ్మా, రెడీ? వన్, టూ..."

ఇద్దరూ తిన్నారు.